పక్క దాబా మీది మనిషి

2023 చివర్లో, చలి మొదలైన రోజుల్లో జరిగిందిది. హైదరాబాదు నుంచి లండన్ వెళ్ళే పగటి విమానం. అందులో నేను కేబిన్ సూపర్‌వైజర్‌ని. అంటే ప్రయాణికుల మధ్య తిరిగే సిబ్బందికి పెద్దదాన్ని. ఈ ఉద్యోగంలో చేరి అప్పటికి పదేళ్ళు దాటింది. మాది కొత్తగూడెం. నాన్న బొగ్గుబావిలో దిగి పనిచేసేవాడు. క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన నేను ఆకాశంలో పని వెతుక్కున్నానని ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు.

విమానంలో జనం ఎలాంటి సినిమాలు చూస్తారని తెలిసినవాళ్ళు అడుగుతుంటారు. హాయిగా నవ్వించేవి చూస్తారని వాళ్ళ ఊహ. కానీ భోజనాల బండి తోసుకుంటూ నడవలో వెళ్తుంటే సీట్ల వెనక తెరల మీద నాకు కనిపించేది వేరు. ఒకచోట భూకంపం, ఒకచోట మునిగిపోతున్న ఓడ, ఆ పక్కనే కత్తి పట్టుకుని తిరిగే హంతకుడు. పది అంతస్తుల మేడ కూలుతుండగా చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "పనీర్ ఉందా?" అని అడిగినవాళ్ళున్నారు. విమానం కూలే దృశ్యాలున్న సినిమాలను మాత్రం కంపెనీవాళ్ళు ముందే పక్కన పెడతారు. వరదలకూ హత్యలకూ ఆ పట్టింపు లేదు.

భయపడుతూ విమానం ఎక్కినవాళ్ళే ఎక్కువగా ఇలాంటివి చూస్తారని నాకొక అనుమానం. తెర మీది భయం రెండు గంటల్లో ముగుస్తుంది, ఎవరో ఒకరు బతికి బయటపడతారు. ఆ భరోసా కోసం కాబోలు.

ఆ రోజు మధ్యాహ్న భోజనాలయ్యాయి. నేను గ్యాలీలో ఉన్నాను. గ్యాలీ అంటే మా వంటిల్లు, రెండు పరదాల మధ్య ఇరుకైన చోటు. వెనక వరసల్లోంచి కాల్ బెల్ మోగింది. వెంటనే మళ్ళీ మోగింది. వెళ్ళి చూస్తే కిటికీ పక్క సీట్లో యాభై దాటిన ఒకామె గుండెల మీద చెయ్యి పెట్టుకుని, నోటితో గబగబా ఊపిరి తీస్తోంది. నుదుటి నిండా చెమట. రెండో చేత్తో ముందు సీటును గట్టిగా పట్టుకుంది.

బెల్ నొక్కింది పక్క సీటాయన. అరవై ఏళ్ళుంటాయి. కంగారుగా లేచి నిలబడ్డాడు.

"నా సినిమా నేను చూసుకుంటున్నానండీ. ఈవిడ కూడా పక్కనుంచి చూస్తోంది. పోన్లే, చూడనీ అనుకున్నా. ఉన్నట్టుండి ఇట్టా అయిపోయింది."

ఆయన తెర మీద ఒక కొండ ఊరు నీళ్ళలో మునుగుతోంది. పైన ఎక్కడో డ్యామ్ తెగిందన్నమాట. ఇళ్ళ కప్పుల మీద జనం చేతులూపుతున్నారు. నేను మొదట చేసిన పని చెయ్యి చాపి ఆ తెర ఆపేయడం. మాకు నేర్పింది అదే: భయపెడుతున్నదాన్ని ముందు కళ్ళ ముందు నుంచి తీసెయ్యాలి.

తెర నల్లబడగానే ఆమె పరిస్థితి ఇంకా చెడింది. ఊపిరి మరింత వేగమైంది. ఏదో అనబోతోంది కానీ మాట రావడం లేదు.

విమానంలో డాక్టరు ఉంటే రమ్మని మైకులో పిలిచాం. ముందు వరసల్లోంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. నాడి చూసింది, మా దగ్గరున్న పరికరంతో బీపీ చూసింది, చెయ్యి లాగుతోందా, దవడ నొప్పిగా ఉందా అని అడిగింది. ఆక్సిజన్ పెట్టించింది. తర్వాత నన్ను గ్యాలీలోకి తీసుకెళ్ళి మెల్లగా చెప్పింది.

"గుండెపోటులా అనిపించడం లేదు. ప్యానిక్ అటాక్ అనుకుంటున్నాను, అంటే భయంతో ఒళ్ళు అదుపు తప్పడం. కానీ ఈసీజీ లేకుండా ఒట్టేసి చెప్పలేను."

ఆ మాటే ఇంటర్‌ఫోన్‌లో కెప్టెన్‌కు చెప్పాను. డైవర్షన్ గురించి ఆయన అడిగాడు. డైవర్షన్ అంటే దారి మళ్ళించి దగ్గర్లో ఉన్న విమానాశ్రయంలో దిగడం. నిండు విమానం, తెలియని దేశం, భాష రాని ఆసుపత్రిలో ఆమె ఒక్కతే. అయినా గుండె సంగతైతే దిగక తప్పదు. నేల మీదున్న వైద్యులతో మాట్లాడి ఆయన చివరికి ఒక మాటన్నాడు.

"అరగంట చూద్దాం. ఆమెను వదిలి కదలకు. ఏమాత్రం తేడా వచ్చినా చెప్పు."

వెళ్ళి ఆమె వరస పక్కన నడవలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆమె ప్రయాణ వివరాల్లో పేరు మంగమ్మ అని ఉంది. ఇంతసేపూ నేను మాట్లాడింది శిక్షణలో నేర్పిన మర్యాద తెలుగు. ఆమె మాస్కు కాస్త పక్కకు జరిపి అన్న మొదటి మాటకే నాకు మా క్వార్టర్స్ వీధి గుర్తొచ్చింది.

"ఎందుకు బంద్ చేసినవ్ బిడ్డా? గా పిల్ల ఏమైతదో చూడాలె నేను."

"ఏ పిల్ల?"

"పక్క దాబా మీద ఒక్కతే ఉన్నది గద. పసుపు కోటు తొడుక్కున్నది. గా పిల్ల."

నేను చూడలేదు. పక్కనున్నాయన మాత్రం తల ఊపాడు. "ఉందండీ. హీరో వాళ్ళు ఒక కప్పు మీద ఉన్నారు, పక్క కప్పు మీద ఒకమ్మాయి ఉంది."

"పెద్దమ్మా, ఏ ఊరు మీది?" అని అడిగాను.

"బూర్గంపాడు పక్కన పల్లె."

"మాది కొత్తగూడెం. నా పేరు రజిత. సినిమా మళ్ళ పెడత, ఇద్దరం కలిసి చూద్దాం. ఊపిరి మాత్రం నేను చెప్పినట్టు తియ్యాలె. సరేనా?"

"అవ్. పెట్టు."

డాక్టరమ్మ వైపు చూశాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "పెట్టి చూడండి, నేను నాడి పట్టుకుంటాను," అంది. పక్క సీటాయన లేచి డాక్టరమ్మకు చోటిచ్చి తను నడవలో నిలబడ్డాడు. మంగమ్మ తెర మీద అదే సినిమా అదే చోటు నుంచి పెట్టాను. అది ఇంగ్లీషు సినిమా. తెలుగు లేదు. అందుకని ఆ మాటలన్నీ మా ఊరి భాషలో చెబుతూ పోయాను. "ఆయన పెండ్లాన్ని పిలుస్తున్నడు. తాడు పట్టుకోమంటున్నడు. హెలికాప్టర్ వచ్చింది చూడు." మధ్యమధ్యలో "లోపలికి పీల్చు, మెల్లగా ఇడువు," అంటున్నాను. యూనిఫాం వేసుకున్నాక ఆ భాష నా నోట్లోంచి రావడం అదే మొదటిసారి అనుకుంటాను.

హీరో కుటుంబం హెలికాప్టర్ ఎక్కింది. తర్వాత సహాయ శిబిరం. భార్యాభర్తలు పిల్లల్ని వాటేసుకున్నారు. సంగీతం పెద్దదై, పేర్లు పడ్డాయి.

మంగమ్మ తెర వైపే చూస్తోంది. ఊపిరి కొంత కుదురుకుంది.

"మరి గామె?"

"చూపించలేదు పెద్దమ్మా."

"అదేంది? గంత పెద్ద సినిమా తీసిండ్రు, గా ఒక్క మనిషి ఏమైందో చెప్పరా?"

వందలసార్లు ఇలాంటి సినిమాలను తెరల మీద చూస్తూ దాటిపోయాను. నాకెప్పుడూ ఆ ప్రశ్న రాలేదు.

అప్పుడు పక్క సీటాయన వంగి, "ఒక్క నిమిషం, వెనక్కి పోనివ్వండి," అని తనే తెర మీద వేలు పెట్టి వెనక్కి జరిపాడు. ఆయన పేరు శ్రీనివాసరావు. సత్తుపల్లిలో విత్తనాల కొట్టు, మిరప తోటలు ఉన్నాయి. కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి, శిబిరం దృశ్యాన్ని ఆపుతూ ఆపుతూ చూడసాగాడు. ఒకసారి దాటిపోయి మళ్ళీ వెనక్కొచ్చాడు.

"ఇదిగో, చూడండి. ఇక్కడ టీ పోస్తున్నారు కదా, ఆ వరసలో."

హీరో భుజం వెనక మసగ్గా కొంతమంది కప్పులు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో ఒక పసుపు కోటు. ముఖం కనిపించదు. రెప్పపాటులో తెర మీంచి పోతుంది.

డాక్టరమ్మ కూడా ముందుకు వంగింది. మేం నలుగురం ఆ చిన్న తెర మీదికి ఒంగి, ఎవరో ముక్కూమొహం తెలియని ఆమె కోసం చూస్తున్నాం. మంగమ్మ చాలాసేపు చూసి వెనక్కి ఆనుకుంది.

"గామె కాకపోవచ్చు. పసుపు కోట్లు శానమందికి ఉంటయ్. కాని దిగినోళ్ళు ఉన్నరు గద. మనకు కనబడకుంటనే దిగిండ్రు గద."

ఆ మాట అన్నాక ఆమె కళ్ళలో నీళ్ళొచ్చాయి. డాక్టరమ్మ నాడి వదిలి నాతో, "ఇప్పుడు బాగుంది. కెప్టెన్‌కు చెప్పండి," అంది. చెప్పాను. విమానం తన దారిన తాను సాగింది.

కాఫీ తీసుకుని మళ్ళీ వచ్చేసరికి మంగమ్మ మాస్కు తీసేసి కూర్చుంది. చూపు కిటికీ బయట ఉంది. నేను అడగకుండానే మొదలుపెట్టింది.

అంతకు ముందటేడు వానాకాలంలో గోదావరి పొంగింది. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక వేశారంటే లోతట్టు పల్లెలు ఖాళీ చెయ్యాల్సిందే. ఊళ్ళో చాలామంది ముందే వెళ్ళిపోయారు. మంగమ్మ అత్త మంచం మీద ఉన్న మనిషి. ఆమెను కదిలించేలోపే నీళ్ళు దారిని కమ్మేశాయి. మిగిలినవాళ్ళంతా ఆమెను కూడా మోసుకుని బడి దాబా ఎక్కారు. వాళ్ళలో ఉంగి అనే కోయ పిల్ల ఉంది. శబరి నది అవతలి అడవి పల్లె నుంచి నాట్లకొచ్చిన కూలీ. నిండు చూలాలు. ఆమె మొగుడు సరుకుల కోసం వెళ్ళి అవతల చిక్కుకుపోయాడు.

"దానికి తెలుగు రాదు, నాకు కోయ రాదు. రాత్రంత నా ఒళ్ళో తలపెట్టి పన్నది. పొద్దుగాల పడవొచ్చింది. చిన్న పడవ. జరమొచ్చిన ముసలాయనను, ఈ పిల్లను ఎక్కియ్యమన్న. అది ఎక్కనంటది. నా చెయ్యి ఇడువదు. మా అత్తను ఇడిచి నేనెట్ల పోత? ఒక్కొక్క ఏలు నేనే ఇడిపించిన. పడవ తాటిచెట్ల అవతలికి మళ్ళింది. గంతే, మళ్ళ చూడలే."

మంగమ్మ ఆగి కాఫీ ఒక గుక్క తాగింది.

"తర్వాత మమ్ముల ఎక్కిచ్చుకున్న పడవోళ్ళు చెప్పిండ్రు. ముందు పోయినవాట్ల ఒకటి కరెంటు తీగలకు తట్టుకొని తిరగబడ్డదట. ఏది అంటే ఎవ్వనికి తెల్వది. క్యాంపుల అడిగిన. దవాఖానాల అడిగిన. వేరే రాష్ట్రం మనిషి, ఎవలకు ఎరుక?"

ఆమె లండన్ వెళ్తున్నది కూతురి కాన్పుకు. కూతురు అక్కడ నర్సు. తొలిచూలు.

"నా బిడ్డ నీళ్ళోసుకున్నదని తెలిసినకాడికెల్లి గా పిల్లే యాదికొస్తున్నది. నా బిడ్డ కోసమైతే ఆకాశంల పోతున్న. దాన్ని ఒక్కదాన్నే నీళ్ళల్ల పంపిన."

శ్రీనివాసరావు అంతా విన్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"చెల్లెమ్మా, శబరి అవతల అన్నావు. ఊరి పేరేమైనా గుర్తుందా?"

"చెప్పింది. నాకు నోరు తిరగలె. కొండ కింద ఊరు, సంత జరుగుతదని చేతులతోటి చూపించింది."

"మా మిరప కోతలకు ఏటా అటునుంచే జనం వస్తారు. వాళ్ళను తీసుకొచ్చే మేస్త్రీ ఒకడున్నాడు, నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. నాట్లకు మీ వైపు కూడా పంపుతాడు. నేను నెల రోజుల్లో తిరిగొస్తా. వాణ్ణి అడుగుతా. దొరుకుతుందని చెప్పలేను. అడుగుతానని మాత్రం మాటిస్తున్నా."

"అడుగు అన్నా," అంది మంగమ్మ. "ఏదైనా సరే, తెలిస్తే చాలు."

ప్రయాణికులకు మా ఫోన్ నంబర్లు ఇవ్వడం మా ఉద్యోగంలో అలవాటు కాదు. ఆ రోజు ఇద్దరికీ ఇచ్చాను. లండన్‌లో మంగమ్మను వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి పంపించాం. నడవగలనని ఆమె గొడవపెట్టింది. మనవరాలు పుట్టిందని తర్వాత ఫోటో వచ్చింది.

సంక్రాంతి వెళ్ళాక, మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో శ్రీనివాసరావుగారి ఫోను వచ్చింది. నేను అప్పుడే డ్యూటీ దిగి గదికి వచ్చాను.

"అమ్మాయ్, మేస్త్రీ కనుక్కున్నాడు. ఉంది. బతికే ఉంది. బిడ్డ కూడా."

ముందు ఆ మాట మంగమ్మకు ఎవరు చెప్పాలన్నది ఇద్దరం తేల్చుకోలేకపోయాం. చివరికి ముగ్గురం ఒకేసారి ఫోనులో కలిశాం. మేస్త్రీ అవతలి నుంచి ఉంగిని లైన్లోకి తీసుకొచ్చాడు. సిగ్నల్ సరిగా అందలేదు. ఇటు ఏడుపు, అటు ఏడుపు, మధ్యలో పసిపిల్ల కేకలు. అంతకుమించి ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు.

మంగమ్మ తిరిగొచ్చాక నేను సెలవు పెట్టి కొత్తగూడెం వెళ్ళి, అక్కణ్ణుంచి బూర్గంపాడు బస్సెక్కాను. ఎండలు ముదురుతున్నాయి. మంగమ్మ వాళ్ళ చేను చివర కల్లంలో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఘాటుకు దిగగానే తుమ్ములు మొదలయ్యాయి. కల్లం పక్క పందిరి నీడలో మంగమ్మ, ఆమెకు ఎదురుగా ఒక బక్కపలచటి పిల్ల. చంకలో కట్టిన గుడ్డలో ఏడాదిన్నర ఆడబిడ్డ. మేస్త్రీ కూడా వచ్చాడు. కోతలకు తమ చేనుకే రమ్మని మంగమ్మ కబురు పంపిందట.

ఉంగి మాటల్లో కొన్ని తెలుగువి, కొన్ని కోయవి. అర్థం కానివి మేస్త్రీ చెప్పాడు. ఆమె ఎక్కిన పడవ క్షేమంగానే గట్టుకు చేరింది. ఆ వారంలోనే భద్రాచలంలో పెద్ద దవాఖానాలో కాన్పయింది. మొగుడు వెతుక్కుంటూ వచ్చి ఊరికి తీసుకుపోయాడు.

"మరి మళ్ళ నాట్లకు మా ఊరికి ఎందుకు రాలేదే?" అని అడిగింది మంగమ్మ. "వస్తవేమో అని చూసిన. రాకుంటే ఇక లేవనే అనుకున్న."

ఉంగి తల వంచుకుంది. మేస్త్రీ వైపు తిరిగి కోయలో ఏదో గబగబా చెప్పింది. మేస్త్రీ మంగమ్మతో అన్నాడు.

"గట్టు మీద ఎవరో చెప్పిండ్రట, బడి మొత్తం మునిగిందని, దాబా మీదోళ్ళు కొట్టుకపోయిండ్రని. నువ్వు సచ్చిపోయినవ్ అనుకున్నదట. నిన్ను ఇడిచిపెట్టి తను వచ్చిన అనుకున్నదట. గందుకే ఈ ఊరు మొఖం చూడలేక ఇటు రాలె అంటున్నది."

మంగమ్మ లేచి వెళ్ళి ఉంగి పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఇన్నాళ్ళూ నదికి చెరో వైపున ఇద్దరూ ఒకరి కోసం ఒకరు అదే బాధ పడ్డారు. బిడ్డ తల్లి ఒళ్ళోంచి జారి మిరపకాయల వైపు పరుగెత్తబోతే మేస్త్రీ పట్టుకున్నాడు. మంగమ్మ నవ్వింది. ఆమె నవ్వు నేను చూడటం అదే మొదలు.

ఆ తర్వాత మా కంపెనీవాళ్ళు నాకు కొత్త సిబ్బందికి శిక్షణ ఇచ్చే పని అప్పగించారు. అత్యవసర ద్వారాలు ఎలా తెరవాలో, ఆక్సిజన్ ఎలా పెట్టాలో పుస్తకంలో ఉన్నట్టే నేర్పుతాను. భయపడ్డ ప్రయాణికుల సంగతి వచ్చినప్పుడు మాత్రం పుస్తకం మూసి, మంగమ్మ సంగతి చెబుతాను. కథ విన్నాక ఆ కొత్త పిల్లలు మరి మేమేం చెయ్యాలని అడుగుతారు. డాక్టరు ఉంటే పిలవండి, కెప్టెన్‌కు చెప్పండి, అవన్నీ చెయ్యాల్సిందే అంటాను. కానీ ఆ మనిషి ముందున్న తెర ఆపడానికి చెయ్యి చాపే ముందు ఒక్క క్షణం ఆగి, అందులో ఎవరి కోసం చూస్తున్నారో అడగమంటాను.